మొగానికి ఏం పూసుకుంటా వుండామో మన మాటల్లో తెలిసుండాల

పోయిన ఎండాకాలం మా ఈదిలో పాప ఒకతి పెండ్లికి ఇరవై దినాలుండంగా నా దగ్గరికొచ్చింది. చెంపలు కందిపోయి మండతా వుండాయి. ఎండలోకి అడుగు పెడితే చీర కొంగుతో మొగం కప్పుకుంటాది. "ఏం పూసినావు పాపా?" అంటే "క్రీమక్కా" అనింది. "ఏం క్రీము?" "తెల్లది." "దేనికి?" "గ్లో కోసరం." డబ్బా తెమ్మన్యా. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు వరసలు వుండాయి. అందులో ఒక మాట మొమెటాసోన్. అది స్టెరాయిడ్ మందు, మొగానికి దినామూ రాసుకునే సరుకు కాదు. ఆ సంగతి పాపకు తెలీదు, పూసిన చేతికి తెలీదు, అమ్మిన అంగడాయనకు తెలుసో లేదో.

అదే పాప వాళ్ళవ్వను అడగండి. మొగానికి, ఒంటికి పెట్టే ప్రతిదానికీ పేరు చెప్తాది. అందులో ఏముందో చెప్తాది, ఏ చేత్తో ఎట్ల పెట్టాలో చెప్తాది. రెండు తరాల్లో మనం పోగొట్టుకున్యది అందం కాదు, మాటలు. మాట పోతే ఎరుక పోతాది. ఎరుక పోయినచోట డబ్బా మీద ఏం రాసినా నమ్మాల్సిందే. అందుకే ఈ దినం తోలు గురించి, పూత గురించి తిరుపతి, చిత్తూరు వైపు మనకుండే మాటల్ని ఒకచోట పేరుస్తా వుండా. దాచిపెట్టుకోండి, పనికొస్తాది.

చేతి పనికి ఒక్కో మాట

ఇంగ్లీషులో అన్నిటికీ 'అప్లయ్' ఒకటే. టీవీ ప్రకటనల పుణ్యాన మనమూ "అప్లయ్ చేసుకో" అనేది నేర్చినాం. కానీ మన భాషలో చెయ్యి చేసే పనిని బట్టి మాట మారతాది.

పూసేది: పలచంగా, తోలు మీద పొర మాదిరి. గంధం పూస్తాం, వెన్న పూస్తాం.

రాసేది: వేలితోనో అరచేత్తోనో ఒకచోట నుంచి ఇంకోచోటికి లాగేది. పసుపు రాసుకుంటాం, మందు రాస్తాం.

పట్టించేది: లోపలికి ఇంకేదాకా. నూనె పట్టించాల, వూరికే రాస్తే చాలదు.

రుద్దేది: మురికి రాలేదాకా. నలుగు పిండి రుద్దుతాం.

పెట్టేది: ఒకచోట నిలిపేది. బొట్టు, కాటుక, గోరింటాకు పెడతాం.

దిద్దేది: పెట్టినదాన్ని ఆకారానికి తెచ్చేది. బొట్టు పెట్టడం ఎవురైనా పెడతారు, దిద్దడానికి చెయ్యి కుదరాల.

అద్దేది: మెల్లంగా తాకించి తీసేది. పౌడరు అద్దుకుంటాం. తొందర్లో వుంటే పౌడరు 'కొట్టుకుంటాం'.

మెత్తేది: మందంగా, గోడకు మన్ను మెత్తినట్ల.

పులిమేది: వరస లేకుండా. ఇది తిట్టు మాట. ఆడపిల్ల కొంచెం ఎక్కువ పౌడరేసుకుంటే "ఏంది, పులుముకొని వచ్చినావే" అనేది ఇందుకే.

ఇవి తెలిసుంటే లాభముంది. సన్‌స్క్రీన్ పూసేది, రుద్దేది కాదు. మొటిమ మందు దాని మీద పెట్టేది, మొగమంతా మెత్తేది కాదు. వేడిసున్నీళ్ళతో మొగం కడిగి తువ్వాలుతో రుద్దుతారు చానామంది. తుడిచేది కూడా అద్దినట్లుండాల. ఒక్క మాట సరింగా చెప్తే సగం వైద్యం అయినట్లే.

ఇంటి సరుకులు

నలుగు: సున్నిపిండి, నూనె కలిపి ఒంటికి రుద్దే పని పేరు. పెండ్లికి నలుగు పెడతాం, పండగకు తలంటుతాం. పిండిలో పెసలో శెనగలో మినుములో, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, పసుపు వుంటాయి. ఒక జాగ్రత్త: బావంచాల్లో వుండే సోరలిన్ అనే పదార్థం ఎండ తగిలితే తోలును కందిస్తాది. బొల్లి మచ్చలకు దాన్ని మందుగా వాడేది కూడా ఆ గుణం వల్లనే. అందుకని బావంచాలు ఎక్కువేసిన పిండి రుద్దుకుని పొద్దుననే ఎండకు పోకూడదు. ఇంటిదైనంత మాత్రాన అన్నీ మంచివి కావు.

కాటుక: ఆముదం దీపం మీద రాగిదో కంచుదో పళ్ళెం బోర్లిచ్చి, పట్టిన మసిని నెయ్యితోనో ఆముదంతోనో మెదిపేది. సుర్మా వేరే. సుర్మాను సీసం వుండే రాయితో చేసేది వాడుక. రెండూ నల్లంగానే వుంటాయి, రెండూ కంటికే పెడతారు. పసిబిడ్డ కంట్లో సీసం పోతే రక్తంలో కలిసి మెదడు ఎదుగుదలను చెరుపుతాది.

చాదు: మా వైపు సాదు అంటాం. సగ్గుబియ్యం మాడ్చి, నీళ్ళుపోసి ఉడికించి, కొబ్బరి చిప్పలో ఆరబెట్టేది. తడివేలితో రుద్ది బిడ్డకు బుగ్గన చుక్క పెడతారు.

కుంకుమ: అసలుది పసుపే. సున్నం తగిలితే పసుపు ఎర్రబడతాది. పసుపూ సున్నం నీళ్ళలో కలిపి పెండ్లికూతురు కాళ్ళకు పెట్టే పారాణి కూడా ఆ లెక్కే. కానీ అంగట్లో ఎర్రంగా మెరిసే సింధూరం అంతా పసుపు కాదు. రెడ్ లెడ్ అనే సీసం రంగు కలిపిన సింధూరం దొరకతాది. అరచేతిలో వేసి నీళ్ళు చల్లితే అసలుదో నకిలీదో తేలిపోతాదని కొందరు చెప్తారు. అట్ల తేలదు. ఎవురు చేసినారో పేరు, లైసెన్సు నంబరు లేనిది కొనకుండా వుండేదే మేలు.

బొట్టుబిళ్ళ: స్టిక్కర్ వచ్చినాక దిద్దే పని పోయింది. నుదుటిన బొట్టు పెట్టే చోట తెల్లమచ్చ వచ్చిన ఆడోళ్ళను మీరు చూసే వుంటారు. అది బొల్లి అనుకుని ఏడ్చినోళ్ళుండారు. బిళ్ళ వెనక జిగురులో వుండే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫీనాల్ అనే రసాయనం కొందరికి తోలులోని రంగును చంపేస్తాది. బిళ్ళ మానేస్తే కొందరికి రంగు తిరిగొస్తాది, కొందరికి రాదు. మచ్చ మొదలైన దినమే మానేసి చర్మం డాక్టరుకు చూపించాల.

జాతర మొగం

మొగానికి రంగేసేదాన్ని మా వూరంత పెద్దగా చేసే వూరు నాకు తెలీదు. మే నెలలో తిరపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే వూరంతా మేకప్ గదే. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్ల నామం సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం. మాతంగి వేషానికి చీర, జడ, కాటుక, పూలు. ఆడబిడ్డల మీద పడే పాలెగాన్ని చంపేదానికి గంగమ్మ ఇన్ని వేషాలు మార్చిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడి దొరికిపోయినాడని కథ. చివర్న అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికి, ఆ మట్టిని జనం ప్రసాదంగా తీసుకుపోతారు. 'పుష్ప 2' సినిమాలో 2024లో కథానాయకుడు నీలం రంగు పూసుకుని చీర కట్టి ఆడినాక దేశమంతా ఈ జాతర గురించి మాట్లాడింది. మాకు మాత్రం అది తాతల నాటి సంగతి.

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఇక్కడ పూత మొగాన్ని దాచేదానికి కాదు, తెల్లంగా చేసేదానికీ కాదు. తెలుపు, ఎరుపు, నలుపు, గంధం రంగు అన్నీ అమ్మవే. బొగ్గు పూసుకున్న దినం ఆమె తక్కువ కాలేదు. రెండోది, ఆ వారం దినాలు మీసాలుండే మగోళ్ళు లిప్‌స్టిక్ పెట్టుకుని బజార్లో తిరిగితే చేతులెత్తి మొక్కుతాం. జాతర అయిపోయిన మర్నాడు ఒక పాప లిప్‌స్టిక్ పెట్టుకుని కాలేజీకి పోతే "ఎవురి కోసరం?" అంటాం. ఆడమనిషి పూసుకుంటే పులిమింది, మగోడు పూసుకుంటే మొక్కుబడి. ఈ లెక్క మాత్రం గంగమ్మ చెప్పలేదు.

కొండ మీద, భారతం మిట్టలో

కొండ మీద స్వామికీ ఈ మాటలు వుండాయి. శుక్రవారం అభిషేకం, పునుగు తైలం, పచ్చకర్పూరంతో నామం, గడ్డం కింద పచ్చకర్పూరం. అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి రక్తం వస్తే కర్పూరం పెట్టినారని దాని కథ. అంటే అది సింగారం కాదు, గాయానికి మందు. గురువారం నామం తగ్గిస్తే కండ్లు కనపడతాయి, దాన్ని నేత్ర దర్శనం అంటారు. పూసేదానికి ఎంత విలువో తుడిచేదానికీ అంతే విలువ ఇచ్చిన పద్ధతి అది. మన ఇండ్లల్లో రాత్రి మేకప్ తుడవకుండా పడుకునే పాపలకు ఇదే చెప్తా.

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది దినాలు భారతం జరగతాది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. నాటకమోళ్ళది ఇంకో పదకోశం: అర్దళం, ఇంగిలీకం, జింకు, మసి. అర్దళం పచ్చరంగు. మొగానికి రాస్తే పెట్రోమాక్సు వెలుతుర్లో బంగారం మాదిరి మెరిసేది. కానీ అది పాషాణం వుండే ఖనిజం. ఇంగిలీకం ఎర్రరంగు, అది పాదరసం వుండే ఖనిజం. మనల్ని రాత్రంతా నిద్ర లేకుండా నవ్వించి ఏడిపించిన ముందు తరాల కళాకారుల తోలులోకి ఏం దిగిందో ఎవురూ లెక్క రాయలేదు. "మొగానికి రంగేసుకున్నాడు" అని సులభంగా అనేస్తాం. ఆ రంగుకు పేరుండేది, గుణమూ వుండేది. మంచిదనే కాదు, విషమని కూడా పేరులోనే తెలిసేది.

ఎరుపంటే ఏ రంగు?

ఇప్పుడు కష్టమైన మాటలకొస్తా. పెండ్లి సంబంధం వస్తే మొదటి ప్రశ్న: "పాప ఎర్రంగా వుంటాదా?" ఇక్కడ ఎరుపంటే టమాటా రంగు కాదు, తెలుపుకు మారుపేరు. ఎర్రంగా బుర్రంగా వుండేది అందం. దాని కింద పసిమి, దాని కింద చామనచాయ, దాని కింద నలుపు. నిచ్చెన మెట్ల మాదిరి పేర్చినారు. నలుపు మెట్టు మీద వుండే పాపకు ఓదార్పు మాట ఒకటుండాది: "నల్లంగా వున్నా కళగా వుంటాది." ఆ 'వున్నా' లోనే అంతా వుండాది. "ఎర్రంగా వున్నా కళగా వుంటాది" అని ఎవురైనా అన్యారా?

మనం మొక్కే ద్రౌపదికి ఇంకో పేరు కృష్ణ, నల్లనిది కాబట్టే ఆ పేరు. కొండ మీద మూలవిరాట్టు నల్లరాయి. నలుపుకు దండం పెట్టి ఇంటికొచ్చి, నల్లంగా పుట్టిన బిడ్డకు తెల్ల క్రీము కొంటాం. ఎండలో మడికాడ, కూలికాడ, చింతపండు గోదాముల్లో పనిచేసే ఆడోళ్ళ తోలు నల్లబడేది పాపం కాదు. ఎండను తట్టుకునేదానికి తోలు మెలనిన్ అనే రంగును ఎక్కువ తయారు చేసుకుంటాది. నల్లబడేది తోలు చేసే కాపలా పని.

ఆ కాపలాను తీసేస్తామని అమ్మే యాపారం మన దేశంలో 1975 నుంచి 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరుతో ఇంటింటికీ పోయింది. 2020లో దాని పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది. మాట మార్చినారు. మా ఈది పాప "తెల్లబడేదానికి" అనకుండా "గ్లో కోసరం" అనింది గుర్తుందా? సిగ్గుపడాల్సిన మాట పోయి సిగ్గు లేని మాట వచ్చింది, కోరిక మాత్రం అదే.

తోలు మీద వచ్చేవి

పేరు తప్పు చెప్తే మందు తప్పు పడతాది. అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి.

మంగు: చెంపలు, ముక్కు మీద గోధుమ రంగు మచ్చలు. కానుపు సమయంలో, ఎండలో ఎక్కువైతాది. అంటుకోదు.

శోభి: మెడ, వీపు, రొమ్ము మీద పాలిపోయిన చిన్న మచ్చలు. బూజు తెగులు. మందుకు పోతాది.

బొల్లి: సుద్ద మాదిరి తెలుపు. అంటుకోదు, శాపమూ కాదు.

తామర: అంచులు లేచి గుండ్రంగా, దురదతో వచ్చేది. అంటుకుంటాది. దీనికి స్టెరాయిడ్ కలిసిన మందు రాస్తే మొదట్లో తగ్గినట్ల కనపడి, తర్వాత ఇంకా పాకతాది.

చెమటకాయలు, దద్దుర్లు, పులిపిరి, పుట్టుమచ్చ ఇవన్నీ వేరే వేరే. అన్నిటికీ "అలర్జీ" అనే మాట ఒకటే వాడేది మానుకుందాం.

డబ్బా మీద చదవాల్సిన మాటలు

మన ఇండ్లల్లో ఇంగ్లీషు చదివే బిడ్డ ఒకరైనా వుంటారు. ఈ మాటలు కాగితం మీద రాయించి అద్దం పక్కన అంటించండి.

మెర్క్యూరీ, మెర్క్యూరస్ క్లోరైడ్, కాలోమెల్, అమ్మోనియేటెడ్ మెర్క్యూరీ: ఇవన్నీ పాదరసమే. తోలులో మెలనిన్ తయారవకుండా ఆపి తెల్లబరుస్తాది. అట్లనే మూత్రపిండాలకు పోతాది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం మామూలు సరుకులో పది లక్షల భాగాల్లో ఒక భాగాన్ని మించి వుండకూడదు. అదీ తెలీకుండా కలిసిపోయిందే, కావాలని కలిపేదానికి వీల్లేదు. మినమాటా ఒప్పందం పేరుతో ప్రపంచ దేశాలు 2013లో పాదరసం మీద కట్టుబాటు చేసుకున్నాయి. అయినా పేరూ వూరూ లేని డబ్బాల్లో వస్తానే వుండాది. కేరళ మలప్పురం జిల్లాలో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని చూస్తే, 15 మందిలో అరుదైన గుర్తు ఒకటి కనపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినోళ్ళు. మనకు అంత దూరమేం కాదు.

బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్: స్టెరాయిడ్లు. డాక్టరు చీటీ మీద, కొన్ని దినాలకు మాత్రమే. మొగానికి నెలల తరబడి రాస్తే తోలు పలచబడతాది, నరాలు కనపడతాయి, మొటిమలొస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట ఇంకా ఎక్కువైతాది. ఆ మంటకు భయపడి మళ్ళీ రాస్తారు. సారాయి మాదిరి వదలదు. ఇట్లాంటి పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మేదాన్ని 2018లో కేంద్రం కట్టడి చేసింది. అంగట్లో ఎట్ల దొరకతా వుండాయో మీకు తెలుసు.

హైడ్రోక్వినోన్: మంగుకు డాక్టరు ఇచ్చే మందు. సొంతంగా ఏండ్ల తరబడి వాడితే మొగం నీలి నలుపుకు తిరగతాది.

పి.పి.డి., అంటే పారా ఫినైలీన్ డయమైన్: తలకేసే రంగులో వుంటాది. 'బ్లాక్ మెహందీ' అని చేతులకు పెట్టేదాంట్లోనూ కలుపుతారు. గోరింటాకు ఎర్రంగానే పండతాది, నల్లంగా పండదు. నల్లంగా పండితే అందులో వేరేది వుండాదని అర్థం. బొబ్బలొస్తాయి.

ఎస్.పి.ఎఫ్.: ఎండపూత బలం లెక్క. 15 అంటే తోలును కాల్చే యు.వి.బి. కిరణాల్లో దగ్గర దగ్గర 93 శాతం, 30 అంటే 97, 50 అంటే 98 ఆపుతాది. 30కీ 50కీ మధ్య తేడా ఒక్క శాతం, ధరలో తేడా మీరే చూడండి. చెమట పట్టే మన వూర్లో రెండు గంటలకొకసారి మళ్ళీ పూయాల. లేదంటే మన కొంగు, గొడుగు, చెట్టు నీడ ఎప్పుడూ వుండేవే.

నేను వాడే మాటలు

మీటింగుల్లో ఆడోళ్ళతో మాట్లాడేటప్పుడు ఇట్ల చెప్తా. సన్‌స్క్రీన్‌కు ఎండపూత. మాయిశ్చరైజర్‌కు తేమపూత. ప్రైమర్‌కు ముందుపూత. ఫౌండేషన్‌కు అడుగుపూత. కన్సీలర్‌కు మచ్చమరుగు. ఐలైనర్‌కు రెప్పగీత. మస్కారాకు రెప్పకాటుక. బ్లష్‌కు చెంపరంగు. రిమూవర్‌కు తుడుపు. ప్యాచ్ టెస్టుకు మోచేతి పరీక్ష: కొత్తది ఏది కొన్యా మోచేతి లోపలి పక్క చిటికెడు రాసి, రెండు దినాలు చూసి, దురద, ఎరుపు లేకుంటేనే మొగానికి. ఇవి నిఘంటువు మాటలు కావు, నచ్చకుంటే మీరు ఇంకా మంచివి చెప్పండి. లిప్‌స్టిక్‌ను లిప్‌స్టిక్ అనే అంటా, అది మనదైపోయింది. నాకు పరాయి మాట మీద కోపం లేదు. అర్థం కాని మాటతో మన తోలు మీద యాపారం చేసేదాని మీదనే కోపం.

మేకప్ వేసుకోవద్దని నేను చెప్పను. బ్యూటీ పార్లర్ పెట్టుకుని బిడ్డల్ని చదివించుకున్న ఆడోళ్ళు మా తిరపతిలో ఎంతమందో. వాళ్ళకు ఈ మాటలు ఇంకా అవసరం, దినానికి పదిమంది మొగాల మీద చెయ్యి పెట్టేది వాళ్ళే కాబట్టి.

మా ఈది పాపను రుయా ఆసుపత్రి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. క్రీము ఆపించి, మంట ఓర్చుకునేదానికి మందిచ్చినారు. పెండ్లి దినానికి ఎరుపు పూర్తిగా తగ్గలేదు. పార్లరు పాప అడుగుపూత మందంగా మెత్తుదామనింది. పెండ్లికూతురు వద్దనింది. వాళ్ళవ్వ వచ్చి, చల్లటి చేత్తో గంధం చెంపకు తగలకుండా మెడకు మాత్రం పూసి, నుదుటిన బొట్టు దిద్దింది. "ఏం పూస్తా వుండావవ్వా?" అని ఆ పాప అడిగింది. అవ్వ పేరు చెప్పింది. ఇంకమీదట ఏదైనా మొగానికి తగిలే ముందు ఆ ప్రశ్న అడగతానని ఆ పాప నాకు మాటిచ్చింది. మీరూ అడగండి.